రాత్రి వెలుగును చదివిన ఆచార్యులు: శిశిర కుమార్ మిత్రా

మగ్రిబ్ నమాజు ముగిసిన తరువాత పడమటి దిక్కున కెంజాయ క్రమక్రమంగా తరిగిపోతుంది. దాని వెనుక లేత తెల్లని ఛాయ కొంతసేపు నిలిచి, అదియును మాసిపోతుంది. ఈ సంధ్యాకాంతిని షఫఖ్ అంటారు. ఎరుపు పోయినంతనే ఇషా వేళ ప్రవేశించునని కొందరు ధర్మశాస్త్రజ్ఞులు, తెలుపు కూడ పోవలెనని మరికొందరు నిర్ణయించినారు. ఆ కారణం చేత మధ్యయుగపు ముస్లిం ఖగోళవేత్తలు ఈ వెలుగును ఎంతో శ్రద్ధతో కొలిచినారు. పదకొండవ శతాబ్దంలో అందలూసియా దేశపు జయ్యాన్ నగరానికి చెందిన ఖాజీ, గణితవేత్త ఇబ్న్ ముఆజ్ సంధ్యాకాంతి అంతమయ్యే సమయాన్ని ఆధారంగా తీసుకొని, ఆ కాంతిని మనవైపు మళ్లించే ఆవిరులు ఎంత ఎత్తు వరకు వ్యాపించియున్నవో లెక్కగట్టినారు. ఆయన తేల్చిన ఎత్తు సుమారు 52 మైళ్లు. ఆ గ్రంథం ఐరోపాలో చాలకాలం ఇబ్నుల్ హైసమ్ పేర చెలామణి అయినది. నేలమీద నిలిచి, కేవలం కంటిచూపుతోను గణితంతోను ఆకాశపు లోతును కొలువబూనిన ఆ సాహసం నేటికిని మనకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

అయితే షఫఖ్ మాయమైన తరువాత కూడ ఆకాశం సంపూర్ణంగా చీకటి కాదు. చంద్రుడు లేని రాత్రి ఊరి దీపాలకు దూరంగా పొలంగట్టున నిలిచి చూచినచో, మన చేతివేళ్లు ఆకాశానికి అడ్డంగా నల్లగా కనిపిస్తవి. చుక్కల కాంతిని లెక్కలోనుండి తీసివేసినను ఇంకను కొంత వెలుగు మిగిలియుంటుంది. ఆ వెలుగు మన గాలిది. పగలు సూర్యరశ్మి తాకిడికి పైగాలిలోని ఆమ్లజని అణువులు పరమాణువులుగా విడిపోతవి. రాత్రివేళ అవి మరల కలిసికొంటూ తాము పగలు గ్రహించిన శక్తిని కాంతిరూపంగా విడిచిపెడుతవి. పగటి అప్పును రాత్రి తీర్చుకొనుట వంటిది ఈ వ్యవహారం. ఈ కాంతిని వాయుదీప్తి అని పిలువవచ్చును.

నేడు ఉపగ్రహాలు ఈ వాయుదీప్తిని పైనుండి ఛాయాచిత్రాలుగా గ్రహించి, అందులో చెరువులో రాయి వేసినప్పటి వలయాల వలె సాగిపోయే అలజడులను పరిశీలిస్తున్నవి. ఆ చిత్రాలను చూచినప్పుడు మాకు ఒక మనిషి జ్ఞాపకం వచ్చినారు. ఉపగ్రహాలు లేని దినాలలో, పరాయి పాలనలో ఉన్న దేశంలో, కలకత్తా నగరంలో కూర్చుండి ఎగువ వాతావరణమంతటిని ఒక్క గ్రంథంలో పొందుపరచిన ఆచార్య శిశిర కుమార్ మిత్రా గారే ఆయన. మేము భౌతికశాస్త్రం బోధించువారము కాము, సాహిత్యం చెప్పుకొనువారము. అయినను ఒక మంచి గ్రంథం ఏ విధంగా పుట్టునో, ఒక పొరపాటును పండితుడు ఏ విధంగా దాటవలెనో తెలిసికొనుట అన్ని శాఖల విద్యార్థులకును అవసరమే గనుక ఈ మహనీయుని జీవితాన్ని ఇక్కడ చెప్పబూనినాము.

మిత్రా గారు 1890వ సంవత్సరం అక్టోబరు 24వ తేదీన జన్మించినారు. వారి కుటుంబం వంగదేశంలో హుగ్లీ జిల్లా కొన్నగర్‌కు చెందినది. తండ్రి జయకృష్ణ మిత్రా ఉపాధ్యాయులు. తల్లి శరత్కుమారి బ్రహ్మసమాజ భావాలు గల ఇంట పుట్టినది. స్త్రీలు గడప దాటుటయే అరుదైన ఆ దినాలలో ఆమె కలకత్తాలోని క్యాంప్‌బెల్ వైద్య పాఠశాలలో చేరి వైద్యవిద్య పూర్తిచేసినది. పిమ్మట బీహారులోని భాగల్పూరులో లేడీ డఫ్రిన్ ఆసుపత్రిలో ఉద్యోగం లభించగా కుటుంబమంతయు అక్కడికి తరలిపోయినది. అందువలన మిత్రా గారి బాల్యం గంగాతీరాన ఆ చిన్న పట్టణంలో గడిచినది.

ఆ కాలంలో రామచంద్ర ఛటర్జీ అను వంగీయుడు బెలూను నెక్కి కలకత్తా ఆకాశంలోకి ఎగిరి గొప్ప పేరు గడించినాడు. ఆ వింతను గూర్చి ఇంటిలో మాటలు సాగుచుండగా, గాలిలోకి అంత బరువు ఎట్లు లేచినదని పసివాడైన శిశిరుడు పట్టుబట్టి అడిగినాడనియు, పెద్దన్న సతీష్ కుమార్ ఓపికతో ఆ మర్మం విప్పి చెప్పినాడనియు వారి జీవితాన్ని వ్రాసినవారు తెలిపినారు. తలపైనున్న గాలిని గూర్చి ఆ బాలునికి కలిగిన మొదటి ఆసక్తి బహుశః అదియే కావచ్చును. కాని ఆ ఇంటి సంతోషం నిలువలేదు. ఇద్దరు అన్నలును అకాలమరణం పొందినారు. ఆ దుఃఖంతో తండ్రి పక్షవాతానికి గురియై, కొంతకాలానికి ఆయన కూడ కన్నుమూసినారు. ఇల్లు గడుపు భారం, కుమారుని చదువు భారం తల్లి ఒక్కతెపైననే పడినవి. ఆసుపత్రి జీతంతో ఆమె ఆ రెండింటిని మోసినది. ఒక శాస్త్రవేత్త చరిత్రలో ప్రయోగశాలలకంటె ముందు ఒక తల్లి ఉద్యోగాన్ని చెప్పుకొనుట న్యాయమని మా అభిప్రాయం.

భాగల్పూరులో కళాశాల చదువు ముగించి మిత్రా గారు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రవేశించినారు. అక్కడ జగదీశ చంద్ర బోసు, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి మహామహులు ఆచార్యులుగా ఉండిరి. విద్యుత్తరంగాలపై బోసు గారు చేసిన ప్రయోగాల కీర్తి అప్పటికే దేశాంతరాలకు వ్యాపించియుండెను. 1912లో మిత్రా గారు భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సి. పట్టాను ప్రథమ స్థానంతో సాధించి, కొంతకాలం బోసు గారి వద్ద పరిశోధన చేసినారు. కాని తల్లికి చేదోడుగా నిలువవలసిన అవసరం ఉండుట చేత భాగల్పూరు కళాశాలలో, తదుపరి బంకురా కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసినారు. పరిశోధన చేయగోరు అధ్యాపకునికి మొఫసిలు కళాశాలలో పరికరాలు ఉండవు, గ్రంథాలు ఉండవు, తీరిక అసలే ఉండదు. ఈ స్థితి మా వంటివారికి విడమరచి చెప్పనక్కరలేదు.

1916లో వారి దశ మారినది. కలకత్తా విశ్వవిద్యాలయాన్ని పరీక్షలు జరుపు కార్యాలయం స్థితినుండి పరిశోధనాలయంగా మార్చవలెనను పట్టుదల గల సర్ ఆశుతోష్ ముఖర్జీ దేశంలోని ప్రతిభావంతులైన యువకులను వెదకి వెదకి విజ్ఞాన కళాశాలకు పిలిపించుచుండిరి. మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ బోసు అక్కడికి వచ్చిన కాలమది. 1917లో సి.వి. రామన్ గారు కూడ పాలిత్ ఆచార్య పీఠాన్ని అధిష్ఠించినారు. మిత్రా గారు రామన్ గారి బృందంలో చేరి కాంతి వివర్తనం, వ్యతికరణం అను విషయాలపై పరిశోధించి 1919లో డాక్టరేటు పొందినారు. ఒకే కప్పు కింద ఒకే కాలంలో అంతమంది మేధావులు చేరుట దైవవశమని అనిపించును గాని, దాని వెనుక ఒక మనిషి చూపిన దూరదృష్టి ఉన్నదని మరువరాదు.

1920లో మిత్రా గారు ఫ్రాన్సు దేశానికి పయనమైనారు. పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫాబ్రీ గారి వద్ద రాగి వర్ణపటంలోని అతినీల కిరణాల తరంగదైర్ఘ్యాలను కొలిచి 1923లో రెండవ డాక్టరేటు గడించినారు. ఈ గురుశిష్య సంబంధంలో ఒక విశేషం కలదు. భూమిపైని వాతావరణంలో ఓజోను పొర ఉన్నదని 1913లో నిరూపించిన ఇద్దరిలో ఫాబ్రీ గారు ఒకరు. వారి పేరుతో వెలసిన వ్యతికరణ మాపకంతోనే 1923లో బాబ్‌కాక్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు రాత్రి ఆకాశపు ఆకుపచ్చని రేఖ యొక్క తరంగదైర్ఘ్యాన్ని అతిసూక్ష్మంగా నిర్ణయించినారు. మిత్రా గారు గురువు వద్ద సెలవు పుచ్చుకొన్న సంవత్సరం కూడ అదియే.

ఆ ఆకుపచ్చని రేఖ కథ కొంచెం చెప్పవలసియున్నది. స్వీడన్ దేశపు ఆంగ్‌స్ట్రోమ్ 1868లో దానిని మొదట గుర్తించినారు. ధ్రువప్రాంతాలలో కనిపించే ధ్రువజ్యోతిలో ఈ రేఖ ప్రధానమైనది. అయితే ధ్రువజ్యోతి లేని ప్రాంతాలలో కూడ ప్రతి రాత్రియు ఇది స్వల్పంగా కనిపించుచుండెను. ఇంగ్లండులో నాల్గవ లార్డ్ రేలీ ఈ వెలుగును ఏండ్ల తరబడి కొలిచినారు. నేటికిని వాయుదీప్తి కొలమానానికి రేలీ అనియే పేరు. 1925లో మెక్లెన్నన్, ష్రమ్ అను ఇరువురు ఈ రేఖ ఆమ్లజని పరమాణువునుండి వచ్చునని ప్రయోగశాలలో రుజువు చేసినారు. పగలు విడిపోయిన పరమాణువులు రాత్రి కలియుటయే దీనికి మూలమని 1931లో సిడ్నీ చాప్‌మన్ వివరించినారు. ఇట్లు ఒక్క ఆకుపచ్చని గీత వెనుక అరువది సంవత్సరాల అన్వేషణ నడిచినది.

పారిస్‌లో చదువు ముగిసిన తరువాత మిత్రా గారు కొంతకాలం మేడం క్యూరీ గారి రేడియం సంస్థలో గడిపి, అటనుండి నాన్సీ నగరంలో ఆచార్య గుట్టాన్ వద్దకు వెళ్లినారు. అక్కడ రేడియో వాల్వుల విద్య వారి మనసును పూర్తిగా ఆకర్షించినది. ఈ విద్యను మన దేశంలో నెలకొల్పవలెనని నిశ్చయించుకొని ఆ సంగతిని ఆశుతోష్ గారికి వ్రాసి తెలుపగా వారు ప్రోత్సహించినారు. 1923 చివర స్వదేశానికి తిరిగి వచ్చి మిత్రా గారు ఖైరా ఆచార్య పదవిని స్వీకరించినారు. మరుసటి సంవత్సరం మే నెలలో ఆశుతోష్ గారు పరమపదించినారు. నీడనిచ్చిన వృక్షం కూలిపోయినను ఆ నీడలో నాటిన మొక్క ఎండిపోలేదు. వైర్‌లెస్ విద్య ఎం.ఎస్సి. పాఠ్యాంశమైనది, దానికొక ప్రయోగశాల ఏర్పడినది. టూ సీ జెడ్ అను పేరుతో విశ్వవిద్యాలయ ప్రయోగశాలనుండి రేడియో ప్రసారాలు కూడ సాగినవి. కలకత్తాలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ వారి కేంద్రం 1927 ఆగస్టులో ప్రారంభమైనదన్న సంగతి గుర్తుంచుకొన్నచో ఈ ప్రయత్నం విలువ తెలియగలదు.

రేడియో తరంగాలు భూమి గుండ్రదనాన్ని లెక్కచేయక సముద్రాలు దాటి ఏ విధంగా పోగలవు? పైన ఎక్కడనో విద్యుదావేశం గల పొర ఒకటి అద్దం వలె వాటిని తిరిగి నేలకు పంపుచుండవలెనని 1902లో కెనెలీ, హెవిసైడ్ అనువారు వేర్వేరుగా ఊహించినారు. 1924 డిసెంబరులో ఆపిల్టన్, బార్నెట్ అనువారు ఇంగ్లండులో దానిని రుజువు చేసినారు. ఆ పొరలన్నియు చేరినదే అయనావరణం. మిత్రా గారు తమ శిష్యులతో కలిసి 1930లో ఆ పొరలలో ఒకటైన ఇ-పొర ఉనికికి మన దేశంలో ప్రయోగపూర్వకమైన సాక్ష్యం సంపాదించినారు. 1932-33 సంవత్సరాలలో జరిగిన రెండవ అంతర్జాతీయ ధ్రువ సంవత్సరపు పరిశీలనలలో కలకత్తా ప్రయోగశాల కూడ పాలుపంచుకొన్నది. 1935లో వారు రాస్ బిహారీ ఘోష్ ఆచార్యపదవికి మారినారు. సూర్యరశ్మి వలన ఆమ్లజని అణువులు పరమాణువులుగా మారే ప్రాంతానికిని ఇ-పొరకును సంబంధం ఉన్నదని 1938లో భర్, ఘోష్ అను శిష్యులతో కలిసి సిద్ధాంతీకరించినారు.

ఇంత పని చేయుచున్నను ఒక వెలితి వారిని బాధించుచుండెను. ఇంగ్లండులో రేడియో పరిశోధనకు ప్రభుత్వ మండలి ఉన్నది. ఇంత విశాలమైన భారతదేశంలో అట్టిది లేదు. ఉష్ణమండలపు ఆకాశం వేరు, శీతల దేశాల ఆకాశం వేరు. మన ఆకాశాన్ని మనమే కొలువనిచో ఇతరులెవరు కొలుతురు? ఈ వాదాన్ని వారు ఏండ్ల తరబడి సభలలోను వ్యాసాలలోను వినిపించినారు. తుదకు 1942లో శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి ఆధ్వర్యంలో రేడియో పరిశోధన సంఘం ఏర్పడి, దానికి వారే అధ్యక్షులైనారు.

ఇక వారి జీవితంలోని మహాకార్యానికి వస్తాము. ఎగువ వాతావరణాన్ని గూర్చిన జ్ఞానం అప్పటికి వేయి ముక్కలుగా చెదరియుండెను. రేడియోవారికి అయనావరణం తెలియును, వాతావరణశాఖవారికి ఓజోను తెలియును, వర్ణపటం పరిశీలించువారికి ధ్రువజ్యోతి, రాత్రి దీప్తి తెలియును, అయస్కాంత శాస్త్రజ్ఞులకు అయస్కాంత తుఫానులు తెలియును. ఒకరి గోడ దాటి మరొకరు చూచుట అరుదు. ఇవన్నియు ఒకే గాలి కథలు కదా యని తలచి మిత్రా గారు వాటిని ఏకసూత్రంలో గ్రుచ్చబూనినారు. రెండవ ప్రపంచయుద్ధం జరుగుచు, విదేశీ పత్రికలు సకాలంలో అందక, వంగదేశం 1943 నాటి ఘోర క్షామంలో తల్లడిల్లిన కాలమది. ఆ దినాలలోనే ఆరువందల పుటలను మించిన ఈ గ్రంథం సిద్ధమైనది. లండనులోని పేరుమోసిన వ్యాపార సంస్థలు గాక, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వారు 1947లో దీనిని అచ్చువేసినారు. సంస్కృత, పారశీక, అరబ్బీ వ్రాతప్రతుల పరిశోధనకు ప్రసిద్ధికెక్కిన ఆ సంస్థ నుండి రేడియో, వర్ణపటాల గ్రంథం వెలువడుట విచిత్రమే గాని, మన దృష్టిలో ఎంతో సముచితం. దేశం స్వాతంత్ర్యం పొందిన సంవత్సరంలోనే ఈ గ్రంథం వెలువడినది. ద అప్పర్ అట్మాస్ఫియర్ అను పేరు గల ఆ పుస్తకం ఖండాంతరాలలో ప్రమాణగ్రంథమై, 1952లో విస్తరించిన రెండవ కూర్పుగాను, 1955లో రష్యను అనువాదంగాను వెలువడినది. అనంతరం రాకెట్లు, ఉపగ్రహాలు ప్రయోగించిన తరంవారిలో ఎందరికో అది చేతిపుస్తకమైనది.

ఆ గ్రంథంలో రాత్రి ఆకాశపు వెలుగుకు ప్రత్యేకమైన అధ్యాయం ఉన్నది. ఈ వెలుగు విషయంలోనే మిత్రా గారికి ఒక అగ్నిపరీక్ష ఎదురైనది. నత్రజని వాయువులో విద్యుత్తు ప్రవహింపజేసి నిలిపివేసినను కొంతసేపు పసుపుపచ్చని కాంతి నిలిచియుంటుంది. ఆ స్థితిలోని నత్రజనికి క్రియాశీల నత్రజని యని 1911లో పేరుపెట్టినవారు, తరువాత లార్డ్ రేలీగా పిలువబడిన స్ట్రట్ గారే. దాని మర్మం చాలకాలం తేలలేదు. విద్యుదావేశం గల నత్రజని అణువులే ఆ కాంతికి కారణమని మిత్రా గారు 1945లో ఒక క్రొత్త సిద్ధాంతం ప్రకటించి, ఎగువ వాతావరణపు వెలుగులకు కూడ దానిని అన్వయించజూచినారు. ఎంతో శ్రమించి కట్టిన సిద్ధాంతమది.

కాని ప్రకృతి ఎవరి శ్రమను చూచి జాలిపడదు. క్రియాశీల నత్రజనిలోని కాంతికి విద్యుదావేశం లేని సాధారణ నత్రజని పరమాణువుల కలయికయే మూలమని తదుపరి ప్రయోగాలు తేల్చినవి. రాత్రి ఆకాశంలో కంటికి కనిపించని పరారుణ కాంతి విషయంలోను అట్టి మలుపే కలిగినది. నత్రజనివని కొందరు శాస్త్రజ్ఞులు భావించిన ఆ బలమైన పట్టీలు, ఉదజని, ఆమ్లజని పరమాణువులు జతగూడిన హైడ్రాక్సిల్ అను అణువునుండి వచ్చునని 1950లో మైనెల్ అను అమెరికను యువకుడు రుజువు చేసినాడు. మిత్రా గారి నత్రజని సిద్ధాంతం నిలువలేదు. అయినను వారి గ్రంథం నిలిచినది. కారణమేమి? ఆ గ్రంథంలో వారు తమ ఊహకంటె లోకంలోని కొలతలకు ఎక్కువ చోటిచ్చినారు. ఎవరెవరు ఏమేమి చూచినారో, ఏ ఎత్తున చూచినారో, ఎక్కడ భేదించినారో ఓపికతో పేర్చిపెట్టినారు. సిద్ధాంతం పడిపోయినను ఆ పేర్పు తరువాతివారికి మెట్టుగా ఉపకరించినది. తన అభిప్రాయమొక్కటే వ్రాసికొన్నవాని పుస్తకం ఆ అభిప్రాయంతోపాటు సమాధి అగును. మేము ఈ జీవితంలో అన్నిటికంటె గొప్ప పాఠంగా దీనినే భావించుచున్నాము.

ఆ కాలపు శాస్త్రజ్ఞులకు గల మరొక చిక్కును కూడ చెప్పవలెను. నేలమీద నిలిచి చూచువానికి వెలుగు కనిపించునే గాని అది ఎంత ఎత్తునుండి వచ్చునో తేలదు. రకరకాల లెక్కలు వేసినవారికి నూరు కిలోమీటర్లు మొదలు కొన్ని వందల కిలోమీటర్ల వరకు పొంతనలేని జవాబులు వచ్చినవి. అమెరికాలో 1955 చివర ఒక రాకెట్టు ఆ పొరలగుండా దూసుకుపోయి కొలిచినప్పుడు గాని ఆకుపచ్చని వెలుగు సుమారు నూరు కిలోమీటర్ల దాపున పలుచని పొరగా ఉన్నదని నిశ్చయం కాలేదు. హైడ్రాక్సిల్ వెలుగు సుమారు 87 కిలోమీటర్ల వద్ద, ఆమ్లజని ఎర్రని వెలుగు సుమారు 250 కిలోమీటర్ల వద్ద ఉన్నవి. ఇబ్న్ ముఆజ్ సంధ్యాకాంతితో లెక్కించిన 52 మైళ్లను కిలోమీటర్లలోకి మార్చి చూచినచో, హైడ్రాక్సిల్ వెలుగు ఎత్తుకు చేరువగానే వచ్చును. రెండింటికి కార్యకారణ సంబంధం లేదు. అయినను ఆ పోలిక మనసును హత్తుకొంటుంది.

1949లో కలకత్తా విశ్వవిద్యాలయంలో రేడియో భౌతికశాస్త్ర, ఎలక్ట్రానిక్సు సంస్థ మిత్రా గారి కృషి ఫలితంగా వెలసినది. హరిణఘాటా అను చోట అయనావరణ పరిశీలన కేంద్రం కూడ నెలకొన్నది. 1955లో వారు బరోడాలో జరిగిన భారత విజ్ఞాన కాంగ్రెసుకు అధ్యక్షత వహించినారు. ఆ సంవత్సరమే పదవీవిరమణ చేసినారు. తరువాత పశ్చిమ వంగ రాష్ట్రంలో మాధ్యమిక విద్యామండలి పాలనాభారం వారిపై పడగా, కీర్తి లేని ఆ పనిని కూడ స్వీకరించి కొన్నేండ్లు నిర్వహించినారు. ఆకాశపు పొరలను లెక్కించిన చేతులు బడిపిల్లల పరీక్షల వ్యవహారాలు చక్కబెట్టినవి. 1957 అక్టోబరులో మొదటి కృత్రిమ ఉపగ్రహం భూమిని చుట్టినప్పుడు వారు జీవించియే ఉన్నారు. 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1962లో పద్మభూషణ్ గౌరవం, జాతీయ ఆచార్య పదవి వారిని వరించినవి. 1963 ఆగస్టు 13వ తేదీన వారు తనువు చాలించినారు. చంద్రునిపై ఒక బిలానికి వారి పేరు పెట్టబడినది.

వారి తరువాత ఆ రాత్రి వెలుగు కథ ఏమైనది? వాయుదీప్తి ఎందువలన కలుగునన్న ప్రశ్న ఇంచుమించుగా తీరిన పిమ్మట, ఆ దీప్తి మనకేమి చూపగలదన్న ప్రశ్న ముందుకు వచ్చినది. 1960లో కోలిన్ హైన్స్ అను శాస్త్రవేత్త ఎగువ వాతావరణంలోని అనేక అలజడులకు గురుత్వ తరంగాలు కారణమని ప్రతిపాదించినారు. పర్వతాలపైగా గాలి వీచినప్పుడు, పెద్ద ఉరుముల వానలు కురిసినప్పుడు, తుఫానులు చెలరేగినప్పుడు గాలి పైకి త్రోయబడి, భూమ్యాకర్షణ చేత మరల క్రిందికి లాగబడి ఊగులాడుతుంది. ఆ ఊగులాట తరంగమై పైకి ప్రాకుతుంది. పైకి పోయినకొలది గాలి పలుచనగును గనుక అదే శక్తితో తరంగం మరింత విజృంభిస్తుంది. సుమారు 87 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేలవద్ద ఉన్నదానిలో లక్షవ వంతుకంటె తక్కువ. అందువలన క్రింద చెంపకు సోకినను తెలియనంత అల పైన పెద్ద కల్లోలమగును. వాయుదీప్తి పొరగుండా ఆ అల పోవునప్పుడు వేడిమియు సాంద్రతయు మారి కొన్నిచోట్ల వెలుగు హెచ్చును, కొన్నిచోట్ల తగ్గును. కంటికి కనబడని గాలి అల వెలుగు చారలుగా అచ్చుపడును.

నేలమీది కెమెరాకు తన తలపైనున్న కొన్ని వందల కిలోమీటర్ల ఆకాశం మాత్రమే కనిపిస్తుంది. మబ్బు పట్టినచో అదియును లేదు. తుఫాను పైభాగాన్ని చూడవలెనన్న కోరిక నేలమీద ఎన్నటికి తీరదు, ఏలయన తుఫాను మబ్బులే దానికి తెర. ఉపగ్రహం ఆ తెరకు పైన ఉంటుంది. 2011 అక్టోబరులో అమెరికావారు ప్రయోగించిన సువోమి ఉపగ్రహంలో రాత్రివేళ అతిస్వల్ప కాంతిని గ్రహించే పరికరం ఒకటి అమర్చబడినది. మబ్బులను, దీపాలను చూచుటకై చేసిన ఆ పరికరం చంద్రుడు లేని రాత్రులలో వాయుదీప్తిని కూడ పట్టగలదని 2012లో తేలినది. ఉరుముల వానలు కురిసిన చోట్లకు పైన విల్లంబుల వలె వ్యాపించిన వలయాలు ఆ చిత్రాలలో కనిపించినవి. 2022 నవంబరులో స్వీడన్ దేశం మాట్స్ అను ఉపగ్రహాన్ని ఇందుకొరకే పంపినది. 2023 నవంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ ఏడబ్ల్యుఈ అను పరికరాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపి, హైడ్రాక్సిల్ పరారుణ దీప్తి ద్వారా ఈ తరంగాలను కొలువనారంభించినది. 2024 సెప్టెంబరులో హెలీన్ అను పెనుతుఫాను ఫ్లోరిడా తీరాన్ని తాకినప్పుడు, దానికి సుమారు 87 కిలోమీటర్ల పైన అలలు పడమటి దిక్కుగా సాగిపోవుట ఈ పరికరం చూపినది.

ఇవన్నియు వినోదార్థం కాదు. ఈ తరంగాలు మోసికొనిపోయిన శక్తి ఎగువ గాలుల గమనాన్ని మార్చుచున్నది, అయనావరణాన్ని కలతపెట్టుచున్నది. భూమధ్యరేఖకు చేరువలోనున్న మన వంటి దేశాలలో అయనావరణం సూర్యాస్తమయం తరువాత అల్లకల్లోలమై, ఉపగ్రహ సంకేతాలను తబ్బిబ్బు చేయుట తరచు జరుగుచున్నది. మన ఆకాశాన్ని మనమే కొలువవలెనన్న మిత్రా గారి వాదం ఎంత నిజమో దీనివలన తెలియును. ఆ వాదానికి తెలుగునేలపైన కూడ సమాధానం లభించినది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు గారు అయనావరణ పరిశోధనను పెంపొందించినారు. తిరుపతికి సమీపాన గాదంకి గ్రామం వద్ద 1990 దశకంలో వెలసిన రాడారు కేంద్రం నేడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలయై, మన తలపైని గాలి అలలను రాడారుతోను లేజరు కిరణాలతోను పరిశీలించుచున్నది.

కొండలలో మంచి పంటపొలానికి నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో చూడబోయినవానికి, చివరకు ఎవరో పూర్వీకుడు త్రవ్విన కాలువ కనిపించును. నేటి ఉపగ్రహ చిత్రాల వెనుక మిత్రా గారి గ్రంథం అట్టి కాలువ. వారు ఉపగ్రహ చిత్రాన్ని చూడలేదు. వాయుదీప్తిలో సాగే అలలను లెక్కించలేదు. వారి ముఖ్యమైన ఊహ ఒకటి తప్పిపోయినది. అయినను తప్పిపోవుటకు భయపడి వ్రాయక మానలేదు, తప్పిపోయెనని సిగ్గుపడి పని మానలేదు. వైద్యవృత్తితో కుటుంబాన్ని నిలిపిన తల్లి కడుపున పుట్టి, మొఫసిలు కళాశాలలో పాఠాలు చెప్పి, క్షామమును యుద్ధమును చుట్టుముట్టిన దినాలలో లోకమంతయు చదువుకొను గ్రంథం వ్రాసినారు. సౌకర్యాలు చేకూరిన తరువాత చదువుదమని వాయిదా వేసికొను విద్యార్థులు, అధ్యాపకులమైన మేము సహితం, ఈ జీవితాన్ని తరచు తలచుకొనవలసియున్నది. షఫఖ్ మాసిపోయిన తరువాత ఈసారి ఒకమారు తల యెత్తి చూచినచో, చీకటి యనుకొన్న చోట కూడ కొంత వెలుగు ఉన్నదన్న సంగతి స్ఫురణకు రాగలదు.